గోడ మీద మళ్ళీ రాయే అవుతాది కదా సార్

7వ తరగతి యూనిట్ టెస్ట్‌లో నేనిచ్చిన ప్రశ్న ఇది: సున్నపురాయిని కాల్చి సున్నం చేయడం ఏ రకం మార్పు, ఎందుకు? ఒక పిల్లోడు "భౌతిక మార్పు, ఎందుకంటే సున్నం గోడకు కొడితే కొన్నేండ్లకు మళ్ళీ రాయి అయితాది" అని రాశాడు. నేను ఎర్ర పెన్నుతో కొట్టేసి సున్నా వేశాను. పేపర్లు పంచిన రోజు వాడు టేబుల్ దగ్గరికొచ్చాడు, గొడవకు కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు: "సార్, వెనక్కి తెచ్చుకోగలిగితే భౌతిక మార్పు అని మీరే చెప్పినారు కదా, సున్నం గోడ మీద మళ్ళీ రాయే అవుతాది కదా, మా జేజినాయన చెప్పినాడు, మరి నాదెట్ల తప్పు సార్?"

వాడి నోట్సు తెప్పించి చూశాను. నేను బోర్డు మీద రాసిందే ఉంది, అక్షరం పొల్లు పోకుండా. "వెనక్కి తేగలిగేది భౌతిక మార్పు, తేలేనిది రసాయన మార్పు." ఆ రూల్ ప్రకారం వాడి జవాబు కరెక్ట్. రూలే తప్పు. పదేళ్ళ పైనుంచి అదే రూల్ చెప్తున్నాను, మైనం కరిగించి చూపించి, కాగితం కాల్చి చూపించి, అందరూ తలూపితే పాఠం అయిపోయిందనుకుని ముందుకు పోయేవాణ్ణి. మైనం, కాగితం ఆ రూల్‌కి సరిగ్గా సరిపోయే ఉదాహరణలు, అందుకే రూల్‌లో ఉన్న తప్పు ఎప్పుడూ బయటపడలేదు.

మా స్కూలు ఎర్రగుంట్ల దగ్గర. కడప బండలు అని దేశమంతా అమ్ముడుపోయే నాపరాయి ఇక్కడిదే, పిల్లల ఇళ్ళలో సగం మంది క్వారీల్లోనో పాలిష్ ఫ్యాక్టరీల్లోనో పనికి పోతారు. నాపరాయి అంటే సున్నపురాయే, కాల్షియం కార్బొనేట్, దాంతో పాటు కొంచెం మట్టి, ఇసుక కలిసి ఉంటాయి. వాడి జేజినాయన వయసులో ఉన్నప్పుడు సున్నపు బట్టీలో పని చేసినాడంట. అంటే ఈ పాఠం వాళ్ళింట్లోనే ఉంది, నేను దాన్ని మైనంతో కొవ్వొత్తితో చెప్తున్నాను. ఈ రాత ఆ తర్వాత సుమారు నెల రోజులు క్లాసులో ఏం చేశామో, ఎక్కడ ఎదురు తన్నిందో, పిల్లల బుర్రలో ఏం మారిందో ఉన్నదున్నట్టు పెట్టడానికే, సైన్స్ చెప్పే వాళ్ళకు పనికొస్తుందని.

ముందు క్లాసులో అందరి దగ్గరా ఒక పేపర్ తీసుకున్నాను, మార్కులు లేవు అని చెప్పి. భౌతికమో రసాయనమో ఎట్లా కనుక్కుంటారు అని ఒకటే ప్రశ్న. వచ్చిన జవాబులు నాలుగైదు రకాలే. వెనక్కి రాకపోతే రసాయనం, రంగు మారితే రసాయనం, వేడి పుడితే రసాయనం, బుడగలు వస్తే రసాయనం, ఆకారం మాత్రమే మారితే భౌతికం. ఇవన్నీ అబద్ధాలు కావు, అదే చిక్కు. చాలాసార్లు నిజమవుతాయి కాబట్టి రూల్ అనిపిస్తాయి, కానీ ఇవి గుర్తులు మాత్రమే. జ్వరం వస్తే ఒళ్ళు వేడెక్కుతుంది, అట్లాగని ఒళ్ళు వేడెక్కినప్పుడల్లా జ్వరం కాదు, ఎండలో తిరిగొచ్చినా వేడెక్కుతుంది. అసలు అడగాల్సింది ఒక్కటే: ముందున్న పదార్థమే ఇప్పుడూ ఉందా, లేక వేరే పదార్థం వచ్చిందా? ఆ ప్రశ్న నేను అడిగేవాణ్ణే, కానీ దాన్ని కనుక్కునే దారి చూపించేవాణ్ణి కాదు. చూపించకపోతే పిల్లోడు ఏం చేస్తాడు, కంటికి కనిపించే రంగునో బుడగనో పట్టుకుంటాడు.

మొదటి రోజు పాలిష్ ఫ్యాక్టరీ బురదతో మొదలుపెట్టాను. రోడ్డు పక్కన గుట్టలు గుట్టలుగా పోసి ఉంటుంది, బండను నీళ్ళు పెట్టి అరగదీస్తే కారే తెల్లటి బూడిదరంగు బురద, ఎండితే పిండిలాగా అయిపోతుంది. ఇది ఏంది అంటే సగం మంది "సున్నం సార్" అన్నారు, తెల్లగా పిండిలాగా ఉంది కాబట్టి. దీన్ని మళ్ళీ బండ చేయగలమా అంటే చేయలేం. అయితే రసాయన మార్పేనా అంటే అప్పుడు క్లాసు రెండుగా చీలింది.

ఇక్కడ రెండు పరీక్షలు పరిచయం చేశాను, ఈ మొత్తం కేసుకు అవే ఆధారం. ఒకటి ఆసిడ్ చుక్క, ల్యాబ్‌లో ఉండే సజల హైడ్రోక్లోరిక్ ఆసిడ్ డ్రాపర్‌తో ఒక చుక్క వేస్తే సున్నపురాయి బుసబుసమని పొంగుతుంది, కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది కాబట్టి. రెండోది పసుపు నీళ్ళు, అసలైన సున్నం తగిలితే ఎర్రగా మారిపోతాయి, పారాణి ఎట్లా కలుపుతారో ఇంట్లో ఆడపిల్లలందరికీ తెలుసు కదా. నాపరాయి ముక్క మీద చుక్క వేశాం, పొంగింది. ఎండిన బురద మీద వేశాం, ఇంకా ఎక్కువ పొంగింది, పొడి కాబట్టి. పసుపు నీళ్ళలో రెండూ వేసి చూశాం, ఎర్రబడలేదు, కొంచెం ముదురు తిరిగినట్టు అనిపించిందేమో గానీ సున్నం ఎరుపు రాలేదు. అంటే బురద ఇంకా నాపరాయే. వెనక్కి బండ చేయలేం, అయినా పదార్థం అదే. వెనక్కి రాని భౌతిక మార్పు, వాళ్ళ ఊరి రోడ్డు పక్కనే. నా రూల్ సగం అక్కడే పడిపోయింది.

మిగతా సగం పడగొట్టడానికి సున్నం కావాలి. ఇక్కడ నేను తొందరపడ్డాను. అంగట్లో ప్యాకెట్ సున్నం కొనుక్కొచ్చి మరుసటి రోజు క్లాసులో "చూడండి, సున్నం మీద ఆసిడ్ వేస్తే పొంగదు" అని ముందే చెప్పేసి చుక్క వేశాను. పొంగింది. రాయి అంత కాదు గానీ బాగానే పొంగింది. పసుపు ఎర్రబడింది కూడా. పిల్లలు నా ముఖం చూస్తున్నారు, ఒకమ్మాయి "అయితే ఇది రాయా సున్నమా సార్" అంది. చాలా మంచి ప్రశ్న, ఆ నిమిషం నా దగ్గర సరైన జవాబు లేదు. రెండూ కలిసి ఉన్నట్టుంది, రేపు చెప్తాను అని గంట ముగించాను.

సాయంత్రం ఆ పిల్లోడిని వెంటబెట్టుకుని వాళ్ళ జేజినాయన దగ్గరికి పోయాను. పెద్దాయన అరుగు మీద కూర్చుని ప్యాకెట్ వేళ్ళతో నలిపి చూసి "ఇది పాతది అయ్యవారూ, గాలి తగిలింది, సగం చచ్చిపోయింది" అన్నాడు. అంతే. గాలిలో ఉండే కార్బన్ డయాక్సైడ్ పట్టుకుని తడిసున్నం, అంటే నీళ్ళు కలిసిన సున్నం, మెల్లగా మళ్ళీ కార్బొనేట్ అయిపోతుందని మనం పుస్తకంలో చదివిందే, ఆయన వేళ్ళతో చెప్పినాడు. బట్టీ సంగతి అడిగితే చాలా సేపు చెప్పినాడు, ఒక వరస రాయి ఒక వరస బొగ్గు పేర్చి కాల్చేవాళ్ళంట, సెగ చాలకపోతే లోపల పచ్చిగా మిగిలేదంట. ఆయన అన్న ఒక మాట నేను అక్కడే చేతి మీద రాసుకున్నాను: "రాయి కాలినాక సైజు పోదు సారూ, బరువు పోతాది. చేతిలోకి తీసుకుంటేనే తెలిసిపోతాది కాలిందా లేదా."

ఈ ఒక్క మాటలో పాఠం మొత్తం ఉంది. ఆకారం అట్లే ఉంది, పదార్థం పోయింది. మా పిల్లలు రాసిన "ఆకారం మారితే భౌతికం" అనే గుర్తుకు ఇది పూర్తిగా అడ్డం తిరుగుతుంది.

రాయి సొంతంగా కాల్చాలని అప్పుడే నిర్ణయించుకున్నాం. స్పిరిట్ ల్యాంప్‌తో అయ్యే పని కాదు, సున్నపురాయి విడిపోవాలంటే దాదాపు 900 డిగ్రీలు కావాలి. ఊర్లో కొలిమి ఇంకా నడుస్తోంది, కమ్మరాయన ఒప్పుకున్నాడు. నాపరాయి ముక్కలు, నిమ్మకాయంత కన్నా చిన్నవి, కిరాణా అంగడి ఎలక్ట్రానిక్ త్రాసు మీద సరిగ్గా 200 గ్రాములు తూచి తీసుకుపోయాం. పెద్దాయన కూడా వచ్చినాడు, రాగానే "ఒక్కసారిగా సెగ పెట్టొద్దు, రాయి పగిలి ఎగురుతాది, నిదానంగా ఎక్కించు" అని చెప్పి పిల్లలందరినీ దూరంగా నిలబెట్టించినాడు. గంటన్నర పైనే కాల్చాం. ఆరినాక బూడిద బ్రష్‌తో బాగా దులిపి అదే త్రాసు మీద పెడితే 131 గ్రాములు.

ఆ నంబర్ చూసి పిల్లలు నమ్మలేదు, రెండు మూడు సార్లు దించి ఎక్కించి తూచినారు. ముక్కలు చూస్తే ఇంచుమించు అంతే సైజు, నల్లటి బూడిదరంగు పోయి మాసిన తెలుపు వచ్చింది, చేతిలో మాత్రం బెండు పట్టుకున్నట్టు ఉంది. 69 గ్రాములు యాడికి పోయినాయి అని అడిగితే ఒకడు "మంటలో కాలిపోయింది సార్" అన్నాడు, ఇంకొకడు "నీళ్ళు ఆవిరైపోయినాయి" అన్నాడు. ఇదే ప్రశ్న 1750ల్లో స్కాట్లాండ్‌లో జోసెఫ్ బ్లాక్ పట్టుకున్నాడని అక్కడే చెప్పాను. ఆయన చేసింది కూడా ఇదే పని, కాల్చే ముందు తూచడం, కాల్చినాక తూచడం. పోయిన బరువు ఒక గాలిదని, ఆ గాలి మనం పీల్చే మామూలు గాలి కాదని తేల్చాడు, 1756లో అచ్చేశాడు. ఇప్పుడు మనం కార్బన్ డయాక్సైడ్ అంటున్నది అదే. లెక్క ప్రకారం స్వచ్ఛమైన కాల్షియం కార్బొనేట్ 100 గ్రాములు కాలిస్తే 44 గ్రాములు గాలిలోకి పోయి 56 గ్రాముల పొడిసున్నం (నీళ్ళు ఇంకా కలపని కాలిన సున్నం) మిగలాలి, మన 200 గ్రాములకు 112 రావాలి. మనకు 131 వచ్చింది. ఎందుకు ఎక్కువ మిగిలింది అని ఇంటికి పని ఇచ్చాను. మరుసటి రోజు ఒక ముక్క సుత్తితో పగలగొడితే మధ్యలో రేగ్గింజంత నల్లటి గుండె కనిపించింది, కాలలేదు. దాని మీద ఆసిడ్ చుక్క వేస్తే పొంగింది, చుట్టూ ఉన్న తెల్ల భాగం మీద వేస్తే వేడెక్కి సుయ్‌మంది గానీ పొంగలేదు. ఒకే ముక్కలో, అంగుళం దూరంలో, రెండు వేరు వేరు పదార్థాలు. నాకు ఇన్నేళ్ళలో ఇంత బాగా ఈ పాఠం చూపించగలిగింది ఇంకొకటి లేదు. మిగతా తేడాకు రాయిలో ఉన్న మట్టి, ఇసుక కారణం, అవి కాలిస్తే పోవు.

పసుపు పరీక్ష కూడా పగలగొట్టిన లోపలి తెల్ల భాగంతోనే చేశాను, ఇది చేసేవాళ్ళు గుర్తుపెట్టుకోండి, బొగ్గు బూడిద కూడా పసుపును ఎర్రగా చేస్తుంది కాబట్టి పైన అంటిన బూడిద మనల్ని మోసం చేయొచ్చు.

తర్వాత నీళ్ళు చల్లడం. ఈ పని నేనే చేశాను, కళ్ళకు అద్దాలు పెట్టుకుని, పిల్లల్ని దూరంగా ఉంచి, ఎందుకంటే పొడిసున్నం చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది, ఈ విషయంలో దయచేసి ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. మొదట ప్లాస్టిక్ మగ్గులో వేశాను, తప్పు చేశాను, నీళ్ళు పోసిన కాసేపటికి సలసలా ఉడికి మగ్గు మెత్తబడి ఒక పక్కకు వంగిపోయింది, గబగబా ఇనప బాండ్లిలోకి మార్చాను. ముక్కలు చూస్తుండగానే పగుళ్ళిచ్చి, ఉబ్బి, మెత్తటి తెల్ల పిండిగా రాలిపోయినాయి. ఒకమ్మాయి వంగిన మగ్గు చూపించి "ఇది ఏ మార్పు సార్" అంది. మీరే చెప్పండి అన్నాను. ప్లాస్టిక్ ప్లాస్టిక్కే కదా, భౌతికం అన్నారు అందరూ, ఎవరూ "వెనక్కి వస్తుందా" అని అడగలేదు. ఆ రోజు నేను గమనించిన పెద్ద మార్పు ఇది.

ఇప్పుడు ఆ పిల్లోడి అసలు ప్రశ్న, గోడ మీద రాయి. వాళ్ళ వీధిలో ఒక పాత మిద్దె ఉంది, సున్నపు గచ్చు, ఒక మూల రాలిపోయి ఉంది, ఇంటాయన అడిగితే రాలిన పెచ్చులు ఇచ్చినాడు. గండికోట లాంటి పాత కట్టడాల్లో కూడా సున్నం గచ్చు ఉంటుంది గానీ అట్లాంటి చోట ఎవరూ గీకకూడదు, పిల్లలకు గట్టిగా చెప్పాను. ఆ పెచ్చు మీద చుక్క వేస్తే పొంగింది. పసుపు ఎర్రబడలేదు. మేము చేసిన తాజా సున్నం మీద వేస్తే పొంగలేదు, పసుపు ఎర్రబడింది. అంటే జేజినాయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం, సున్నం గోడ మీద గాలి పీల్చుకుని మళ్ళీ రాయే అయింది. రాయి ఒక పదార్థం, పొడిసున్నం ఇంకొకటి, తడిసున్నం మూడోది, మళ్ళీ రాయి. మూడు అడుగులూ రసాయన మార్పులే, చక్రం తిరిగి మొదటికి వచ్చినా సరే. సున్నపు తేటలోకి స్ట్రాతో ఊదితే పాలలాగా అవుతుంది కదా, అదే పని గోడ ఏళ్ళ తరబడి నిదానంగా చేస్తోంది. ఆపకుండా ఊదితే మళ్ళీ తేటపడుతుంది, దాన్ని కాచితే మళ్ళీ మసక వస్తుంది, బెలుం గుహల్లో పైనుంచి వేలాడే రాతి ఊడలు కూడా ఇట్లా కరిగిన సున్నపురాయి మళ్ళీ పేరుకున్నవే. పోయినేడు అందరం టూరు పోయి చూసొచ్చాం, అప్పుడు ఈ మాట ఎవరికీ చెప్పలేదు నేను.

వేడి గుర్తును కూడా ఒకరోజు తీసుకున్నాం. రైతు పిల్లలకు యూరియా తెలుసు, డ్రమ్ములో కలిపేటప్పుడు నీళ్ళు జిల్లుమంటాయని ఇద్దరు చెప్పినారు. 50 మిల్లీలీటర్ల నీళ్ళలో 10 గ్రాముల యూరియా వేసి థర్మామీటర్ పెడితే 9 డిగ్రీలు దిగింది. సున్నం వేడెక్కింది, ఇది చల్లబడింది, అయినా ఆ నీళ్ళు పళ్ళెంలో పోసి నీడలో గాలికి ఆరబెడితే తెల్లటి స్ఫటికాలు మళ్ళీ వచ్చినాయి. అవి నీళ్ళలో వేస్తే మళ్ళీ చల్లబడింది. అదే గుణం, అదే పదార్థం. దీని మీద ఎక్కువ సేపు పట్టలేదు, వాళ్ళకు అప్పటికే అడగాల్సిన ప్రశ్న అలవాటైంది.

అంతా బాగా జరిగిందని చెప్తే అబద్ధం. మూడో వారం మళ్ళీ అదే మార్కుల్లేని పేపర్ పెడితే చాలా మంది "పదార్థం అదేనా కాదా చూడాలి" అని రాశారు గానీ, కొంత మంది కొత్త రూల్ తయారు చేసుకున్నారు: ఆసిడ్ వేస్తే పొంగితే భౌతికం, పొంగకపోతే రసాయనం అని. మేము చేసిన ప్రయోగంలో అట్లాగే జరిగింది కాబట్టి. నా తప్పే, దాదాపు ఒకే పదార్థం మీద ఇన్ని వారాలు నడిపాను. గోలీ సోడా తెప్పించి కొట్టించాను, బుస్సుమని పొంగింది. ఇది నీళ్ళలో ఒత్తిడితో ఇరికించిన కార్బన్ డయాక్సైడ్ బయటికి రావడమే, అక్కడ కొత్త పదార్థం పుట్టడమనేది దాదాపు లేనట్టే. అదే నాపరాయి మీద ఆసిడ్ పొంగితే రసాయన చర్య. బుడగలు ఒకటే, గాలి కూడా అదే, కథ వేరు. ఇంకోసారి చెప్పేటప్పుడు సోడా మొదటి రోజే పెడతాను.

ఇంకొకటి నన్ను ఇంకా వదల్లేదు. ఒకడు "మరి సంగటి సార్?" అన్నాడు. రాగి పిండి నీళ్ళలో ఉడికితే సంగటి అవుతుంది, ఎండబెడితే మళ్ళీ పిండి కాదు, గట్టి అట్ట అవుతుంది. అయోడిన్ వేస్తే పిండీ నల్లటి నీలం, సంగటీ నల్లటి నీలం, అంటే స్టార్చ్ ఉంది. స్టార్చ్ గింజలు నీళ్ళు తాగి ఉబ్బి విచ్చుకుంటాయి, లోపలి అమరిక చెదిరిపోతుంది, కానీ స్టార్చ్ అణువులు చాలావరకు అవే. వండటం రసాయన మార్పు అని రాయిస్తాం మనం, వేరుశనక్కాయలు వేయిస్తే రంగు, వాసన, రుచి అన్నీ మారి కొత్త పదార్థాలు పుడతాయి కాబట్టి అది సరిపోతుంది, సంగటికి అంత తేలిగ్గా సరిపోదు. నేను క్లాసులో ఇది రెండు పెట్టెల్లో ఏదో ఒక దాంట్లో పడే వస్తువు కాదని చెప్పాను, ఏది మారింది ఏది మారలేదు అని విడివిడిగా రాయించాను. ఇట్లాంటివి ఒక మార్కు ప్రశ్నలో ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం. ఉప్పు నీళ్ళలో కరగడం కూడా అంతే, భౌతికం అని రాయిస్తాం, ఎండబెడితే ఉప్పే వస్తుంది కాబట్టి ఈ వయసుకు అది చాలు, పై క్లాసులకు పోయినాక లోపల ఏం జరుగుతుందో వాళ్ళే చూస్తారు.

ప్రశ్న పేపర్ మార్చాను. ఇప్పుడు "ఏ రకం మార్పు" అని మాత్రమే అడగను, "పదార్థం మారిందో లేదో తెలుసుకోవడానికి నువ్వు ఏం చేసి చూస్తావు" అని అడుగుతాను, సగం మార్కులు దానికే. దిద్దడం కష్టమే, ఒక్కొక్కరు ఒక్కో దారి రాస్తారు, ఒక క్లాసు దిద్దడానికి రెండు సాయంత్రాలు పడుతుంది.

ఆ పిల్లోడి పాత పేపర్ వెనక్కి తీసుకుని కొట్టేసిన గీత పక్కన "గమనించింది నిజం, నేను చెప్పిన రూల్ తప్పు" అని రాసి మార్కు వేసి ఇచ్చాను. వాడు దాన్ని చూసి ఏమీ అనలేదు. వారం తర్వాత వాళ్ళ జేజి వక్కాకు సున్నం డబ్బీలు రెండు తెచ్చినాడు, ఒకటి నిన్న మూత పెట్టడం మరిచిపోతే పైపైన ఎండిపోయింది, ఇంకొకటి ఎప్పుడో అటకమీద పడేసింది, గచ్చులాగా బిగుసుకుపోయింది. రెండింట్లోనూ నీళ్ళు పోసి రాత్రంతా ఉంచినాడంట. నిన్నటిది మెత్తబడి పసుపును ఎర్రగా చేసింది. అటకమీదిది మెత్తబడలేదు. "ఎండిపోవడం ఒక్కటే అయితే రెండూ మెత్తబడాల కదా సార్" అన్నాడు, నేను చెప్పకముందే డ్రాపర్ కోసం అల్మారా వైపు చూస్తూ.